బ్యాట్‌మ్యాన్ బాణీ కింద బ్లూస్

1966 జనవరి 12 రాత్రి అమెరికాలో ఏబీసీ చానల్ ‘బ్యాట్‌మ్యాన్’ సీరియల్ మొదలుపెట్టింది. బొమ్మల పుస్తకం నుంచి లేచొచ్చినట్టున్న రంగులు, తెరమీద అక్షరాలై పేలే గుద్దులు, వాటన్నిటికీ ముందు నిమిషమైనా నిండని టైటిల్ సంగీతం. పాటలో మాట ఒక్కటే, హీరో పేరు. ఆ బాణీ కట్టిన నీల్ హెఫ్టీ అప్పటికి టీవీ పిల్లలకి తెలియకపోవచ్చు గానీ జాజ్ లోకంలో పెద్ద పేరు. 1940ల్లో వుడీ హెర్మన్ బృందంలో ట్రంపెట్ వాయిస్తూ అరేంజ్‌మెంట్లు రాసినవాడు. కౌంట్ బేసీ బృందానికి ‘లిల్ డార్లిన్’, ‘స్ప్లాంకీ’, ‘క్యూట్’ ఇచ్చినవాడు. 1957లో రికార్డైన ‘ది అటామిక్ మిస్టర్ బేసీ’ ఆల్బం మొత్తం ఆయన చేతి రాతే.

సూపర్‌హీరో సినిమాల, సీరియళ్ళ బాణీలను జాజ్‌వాళ్ళు మళ్ళీ వాయించడం గురించి ఎవరు మాట్లాడినా ఒక మాట ముందే అనేసుకుంటారు: అది పిల్లల పాటకి పెద్దవాళ్ళ సంగీతం తొడగడమని, సరదా కోసం చేసే పని అని. నేను ఒప్పుకోను. 1960ల టీవీ సూపర్‌హీరో బాణీల్లో చాలామటుకు జాజ్ ఇంట్లో పుట్టినవే. వాటిని జాజ్‌లో వాయించినప్పుడు పుట్టింటికి వచ్చినంత సులువుగా ఇమిడిపోతాయి. ఆ తర్వాతి కాలపు సినిమా బాణీలకి ఆ వీలు లేదు, లేదా తక్కువ. ఈ తేడా పట్టించుకోకుండా అన్నిటినీ ఒక్క గాటన కట్టి, డ్రమ్స్ మీద స్వింగ్ తాళం వేసి ‘జాజ్ వెర్షన్’ అని పేరు పెట్టడంవల్లే ఈ రంగంలో పేలవమైన రికార్డులు ఇన్ని పోగుపడ్డాయి.

హెఫ్టీ బాణీని విప్పి చూద్దాం. కింద గిటారు, బేసు కలిసి వాయించే చిన్న ముక్క ఒకటి ఉంది: అర స్వరం దిగి, ఇంకో అర స్వరం దిగి, మళ్ళీ అర స్వరం ఎక్కి, అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది. ఒంటరిగా వింటే దొంగచాటుగా నడుస్తున్న అడుగుల్లా ఉంటుంది. దాని కింద నడిచే స్వరగుచ్ఛాలు, అంటే గిటారువాళ్ళు కార్డ్స్ అనేవి, మొత్తం మూడే. ఆధార షడ్జం మీద కట్టింది నాలుగు బార్లు (తాళం కొలతలు), మధ్యమం మీద కట్టింది రెండు, మళ్ళీ షడ్జానికి రెండు, ఆ తర్వాత పంచమం మీద ఒకటి, మధ్యమం మీద ఒకటి, చివరికి షడ్జం మీద రెండు. పన్నెండు బార్లు. బ్లూస్ పాడినవాళ్ళు, వాయించినవాళ్ళు దశాబ్దాలుగా తిరుగుతున్న చట్రం ఇదే. బేసీ బృందం రాత్రుళ్ళు గంటలకొద్దీ తిరిగింది ఇందులోనే. హెఫ్టీ దానిమీద సర్ఫ్ గిటారు, ఇత్తడి వాద్యాల అరుపులు, ఎనిమిది మంది గొంతులు పేర్చాడు. ఆ ఏటి సంగీతానికిగాను ఉత్తమ వాద్య బాణీగా దీనికి గ్రామీ వచ్చింది.

జాజ్‌వాళ్ళు ఒక బాణీని తీసుకునే పద్ధతి మన కచేరీ శ్రోతకి అర్థం కానిదేమీ కాదు. ముందు అందరూ కలిసి బాణీ వాయిస్తారు. తర్వాత దాని ఆవర్తనం, దాని కిందనున్న స్వరగుచ్ఛాల వరస అలాగే తిరుగుతూ ఉంటే ఒక్కొక్కరూ తమ మనోధర్మం వినిపిస్తారు. చివర్న మళ్ళీ అందరూ బాణీకి చేరతారు. పల్లవి ఎత్తుగడ చుట్టూ కల్పనస్వరాలు అల్లడంలాంటి పనే. దీనికి రెండు కావాలి. వినేవాడికి బాణీ గుర్తుండాలి. లేకపోతే వాద్యకారుడు దేన్ని మారుస్తున్నాడో తెలియదు. కింద తిరిగే చట్రంలో మనోధర్మానికి చోటుండాలి. బ్యాట్‌మ్యాన్ బాణీకి రెండూ పుష్కలంగా ఉన్నాయి.

ఇదేదో ఒక్క హెఫ్టీ విషయమే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలో పెద్ద బ్యాండ్లు ఒకదాని తర్వాత ఒకటి మూతబడ్డాయి. పదిహేను, పదహారు మందిని ఊరూరా తిప్పే ఖర్చు తట్టుకోలేకపోయారు. వాటికి రాసినవాళ్ళు, వాయించినవాళ్ళు లాస్ ఏంజెలెస్ స్టూడియోలకి చేరారు. టీవీకి వారం వారం సంగీతం కావాలి. వేగంగా రాయగలిగినవాళ్ళు వీళ్ళే. ‘బ్యాట్‌మ్యాన్’ మొదటి రెండు సీజన్లకి నేపథ్య సంగీతం చేసిన నెల్సన్ రిడిల్ టామీ డార్సీ బృందంలో ట్రాంబోన్ వాయించి, తర్వాత సినాట్రా, ఎల్లా ఫిట్జెరాల్డ్ పాటలకి అరేంజ్‌మెంట్లు చేసినవాడు. మూడో సీజన్ తీసుకున్న బిల్లీ మే ట్రంపెట్ వాయిద్యకారుడు. చార్లీ బార్నెట్ బృందానికి ‘చెరకీ’ అరేంజ్ చేసింది ఆయనే.

అదే బిల్లీ మే 1966లో ‘గ్రీన్ హార్నెట్’ సీరియల్‌కి చేసిన పని ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్కల్లో ఒకటి. బ్రూస్ లీ కేటోగా కనిపించిన సీరియల్ అది. దాని పాత రేడియో నాటకానికి రిమ్‌స్కీ కోర్సకోవ్ ఒపేరాలోని తుమ్మెద పరుగు ముక్కనే గుర్తు సంగీతంగా వాడేవారు. మే దాన్ని పారేయలేదు. వాద్యబృందాన్ని జాజ్ తాళంలోకి మళ్ళించి, న్యూ ఆర్లీన్స్ ట్రంపెట్ విద్వాంసుడు అల్ హర్ట్ చేతికి ఇచ్చాడు. ఊపిరి తీసుకునే సందు లేకుండా పరిగెత్తే ఆ స్వరాలను హర్ట్ ట్రంపెట్ మీద వదిలిన తీరు వింటే, ఒపేరా ముక్కా, రేడియో గుర్తూ, జాజ్ పందెమూ మూడూ ఒకేసారి వినిపిస్తాయి. సూపర్‌హీరో బాణీకి జాజ్ పునర్వ్యాఖ్యానం అంటే బయటివాళ్ళు తర్వాతెప్పుడో చేసేదేం కాదు, అసలు టైటిల్ సంగీతమే పునర్వ్యాఖ్యానం కావచ్చని చెప్పే ఉదాహరణ ఇది. 2003లో ‘కిల్ బిల్’లో టరంటీనో దాన్ని మళ్ళీ వినిపించాక కొత్త తరం దీన్ని వెతుక్కుంది.

1967 ‘స్పైడర్‌మ్యాన్’ కార్టూన్ దగ్గరికొస్తే చుట్టరికాలు ఇంకా దగ్గరివి. బాణీ బాబ్ హ్యారిస్‌ది. మాటలు రాసిన పాల్ ఫ్రాన్సిస్ వెబ్‌స్టర్ 1941లో డ్యూక్ ఎల్లింగ్టన్ బాణీకి ‘ఐ గాట్ ఇట్ బ్యాడ్’ రాసినవాడు. జాజ్ గాయనులు ఇప్పటికీ వదలని ‘బ్లాక్ కాఫీ’ మాటలూ ఆయనవే. ఆ కార్టూన్‌కి నేపథ్య సంగీతం సమకూర్చిన రే ఎలిస్ 1958లో బిల్లీ హాలిడే ‘లేడీ ఇన్ శాటిన్’కి వాద్యబృందాన్ని నడిపినవాడు. జీవిత చరమాంకంలో గొంతు బొంగురుపోయిన హాలిడేకి వెనక వయొలిన్లు పేర్చిన చెయ్యి, సాలీడు మనిషి భవనాలమీద ఊగుతుంటే సంగీతం రాసింది. ఆ బాణీ కూడా మైనర్ బ్లూస్‌కి దగ్గరి చుట్టం. మొదటి చరణం ఆధారంలో మొదలై మధ్యమానికి ఎక్కి వెనక్కి దిగి పంచమం మీదుగా ముగుస్తుంది. అందుకే పియానో త్రయం తీసుకున్నా, పదహారు మంది బ్యాండ్ తీసుకున్నా అది ఒదుగుతుంది. 2004లో మైఖేల్ బూబ్లే దాన్ని స్వింగ్ గాయకుడి పద్ధతిలో పాడాడు. శుభ్రంగా, హుషారుగా ఉంటుంది. కానీ ఆ బాణీ లోపల ఏముందో వెతికే ప్రయత్నం అందులో లేదు. పైకోటు మార్చి ఊరుకున్నాడు.

1977లో మొదలైన ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ సీరియల్ ముగింపులో హీరో సంచి భుజాన వేసుకుని రోడ్డుమీద ఒంటరిగా నడిచిపోతుంటే వినిపించే పియానో ముక్క జో హార్నెల్‌ది. పెగ్గీ లీకి పియానో వాయించినవాడు, ‘ఫ్లై మీ టు ది మూన్’ని బాసా నోవాలో చేసి గ్రామీ తెచ్చుకున్నవాడు. భయంకరుడైన ఆకుపచ్చ మనిషి కథకి నెమ్మదైన ఏకాంత పియానో పెట్టాలన్న ఆలోచన ఎంత సాహసమో ఆ సీరియల్ చూసినవాళ్ళకి తెలుసు. బలాడ్‌గా తీసుకోవడానికి దీనికన్నా అనువైన సూపర్‌హీరో బాణీ నాకు కనిపించదు. దానికి రావలసిన గౌరవం రాలేదనే నా అభిప్రాయం.

ఇక రికార్డుల సంగతి. 1966లో బ్యాట్‌మ్యాన్ పిచ్చి దేశాన్ని ఊపేసినప్పుడు హెఫ్టీ స్వయంగా ఆర్‌సీఏ విక్టర్‌కి ఒక ఆల్బం చేశాడు: టైటిల్ బాణీ, దానితోపాటు తాను కొత్తగా కట్టిన పదకొండు ‘బ్యాట్’ పాటలు. మార్కెట్స్ అనే వాద్యబృందం చేసిన రికార్డు హెఫ్టీ సొంత రికార్డుకన్నా బిల్‌బోర్డ్ జాబితాలో పైకెక్కింది. ద హూ కూడా ఆ ఏడే వాయించారు. అదే ఏడు హెఫ్టీ పాత యజమాని కౌంట్ బేసీ జేమ్స్ బాండ్ బాణీలతో ఆల్బం తెచ్చాడు. గూఢచారులూ ముసుగు వీరులూ పెద్ద బ్యాండ్లకి కాస్త బతుకుదెరువు చూపించిన కాలం అది.

వీటన్నిటిలో అతి విచిత్రమైనది, నా లెక్కలో అతి గొప్పది, న్యూజెర్సీలోని టిఫ్టన్ అనే చవక పిల్లల రికార్డుల కంపెనీ వేసిన ‘బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్’. అట్టమీద పేరు ‘ది సెన్సేషనల్ గిటార్స్ ఆఫ్ డ్యాన్ అండ్ డేల్’. అలాంటి బృందమేదీ లేదు. లోపల వాయించింది సన్ రా, ఆయన ఆర్కెస్ట్రా మనుషులు. వాళ్ళతో న్యూయార్క్ కుర్రాళ్ళ బ్లూస్ ప్రాజెక్ట్ బృందం. వీళ్ళని కూర్చింది టామ్ విల్సన్ అనే నిర్మాత. 1950ల్లో సన్ రా మొదటి ఆల్బం తెచ్చింది ఆయనే, 1965లో బాబ్ డిలన్ ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ నిర్మించిందీ ఆయనే.

సన్ రా అలబామాలో 1914లో పుట్టిన హెర్మన్ బ్లౌంట్. తాను శనిగ్రహం నుంచి వచ్చానని చెప్పేవాడు, మెరిసే దుస్తులు, తలపాగాలు వేసుకుని వేదిక ఎక్కేవాడు. నల్లవాళ్ళకి ఈ భూమ్మీద దక్కని చోటు అంతరిక్షంలో ఉందని ఆయన బోధ. అలాంటివాడు పిల్లల సూపర్‌హీరో రికార్డుకి అజ్ఞాతంగా ఆర్గన్ వాయించాడు. డబ్బులు మిగుల్చుకోవడానికి కంపెనీ బ్యాట్‌మ్యాన్ బాణీ ఒక్కటే అరువు తెచ్చుకుంది. మిగిలిన పాటలకి షోపాన్, బాఖ్, చైకోవ్‌స్కీల హక్కులు చెల్లిపోయిన ముక్కలు తీసుకుని, పెంగ్విన్ పేరనో బ్యాట్‌మొబీల్ పేరనో శీర్షికలు తగిలించారు. ఆ పరిస్థితిలో పుట్టిన రికార్డు చెత్తగా ఉండాలి. తీరా వింటే జాన్ గిల్‌మోర్ సాక్సఫోన్ తన పూర్తి గొంతుతో మాట్లాడుతుంది, ఆర్గన్ బుసలు కొడుతుంది, గిటారు చిరచిరలాడుతుంది. ఎవరూ చులకనగా వాయించలేదు. కోల్ట్రేన్ అంతటివాడు గౌరవించిన సాక్సఫోనిస్టు గిల్‌మోర్; ఆయన పేరు ఆ అట్టమీద ఎక్కడా లేదు. నాకు ఆ రికార్డు విన్న ప్రతిసారీ ఆనందమూ కోపమూ కలిసే వస్తాయి. తర్వాత పునర్ముద్రణల్లో సన్ రా పేరు, బ్లూస్ ప్రాజెక్ట్ పేరు వేశారు.

1990లో వచ్చిన ‘నేకెడ్ సిటీ’ ఆల్బం మొదటి పాట పేరు ‘బ్యాట్‌మ్యాన్’. చాలామంది దాన్ని హెఫ్టీ బాణీయే అనుకుంటారు. కాదు, సాక్సఫోనిస్టు జాన్ జోర్న్ సొంత రచన. హెఫ్టీ బాణీలోని ఒక్క వరస తీసుకోకుండా, ఆ కాలపు సర్ఫ్ గిటారు ఒరవడి, పోలీసు సీరియళ్ళ ఇత్తడి జోరు, కార్టూన్ వేగంతో క్షణక్షణం దృశ్యం మారిపోయే తీరు మాత్రమే తీసుకుని రెండు నిమిషాల్లో కుప్పపోశాడు. బిల్ ఫ్రిసెల్ గిటారు, జోయ్ బేరన్ డ్రమ్స్. పునర్వ్యాఖ్యానం బాణీకే జరగాలన్న నియమం లేదు. ఒక కాలపు చెవిని కూడా మళ్ళీ వ్యాఖ్యానించవచ్చు. అదే ఆల్బంలో జేమ్స్ బాండ్ బాణీ, మాన్సీనీ, మొరికోనే, ఆర్నెట్ కోల్‌మన్ పక్కపక్కన ఉన్నాయి. జోర్న్ వీటి మధ్య ఎక్కువ తక్కువలు పెట్టలేదు.

ఇక్కడ చట్టం మాట కొంచెం చెప్పాలి. అమెరికాలో ఒకసారి రికార్డుగా వెలువడ్డ పాటని ఎవరైనా నిర్ణీత రాయల్టీ కట్టి మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు, తమ పద్ధతికి తగ్గట్టు అరేంజ్ చేసుకోవచ్చు. కానీ మూల బాణీని, రచన స్వభావాన్ని మార్చకూడదని అదే నిబంధన అంటుంది. జాజ్ బతికేది ఆ స్వభావాన్ని కదిలించడంమీదే. బాణీ కట్టినవాడికి ప్రతి రికార్డుకీ వాటా ఉంది, దానిమీద మూడు నిమిషాలు కొత్త స్వరాలు సృష్టించిన సాక్సఫోన్ విద్వాంసుడికి రచయితగా ఏమీ లేదు. ఇది సూపర్‌హీరో బాణీల గొడవ ఒక్కటే కాదు, జాజ్ చరిత్ర పొడుగునా ఉన్న అన్యాయం.

సినిమాలకి వచ్చేసరికి కథ మారుతుంది. 1978 ‘సూపర్‌మ్యాన్’కి జాన్ విలియమ్స్ రాసింది లండన్ సింఫనీ వాయించిన మార్చ్. విలియమ్స్ జాజ్ తెలియనివాడు కాదు. తండ్రి రేమండ్ స్కాట్ బృందంలో డ్రమ్మర్, తాను మాన్సీనీ ‘పీటర్ గన్’ రికార్డులో పియానో వాయించినవాడు. అయినా సూపర్‌మ్యాన్ బాణీలో ప్రతి ఇత్తడి వాద్యానికీ ఏ క్షణాన ఏం చెయ్యాలో రాసి ఉంది. ఆ కట్టడమే దాని బలం. అందులోంచి ఒకడు లేచి సొంత మాట మాట్లాడితే మిగతా భవనం కూలుతుంది. జాజ్‌వాళ్ళు ఈ చిత్రంనుంచి ఏదైనా తీసుకోదలిస్తే ఆకాశంలో విహరించే ఘట్టంలోని ప్రేమ బాణీ తీసుకోవడం మేలు. దాని స్వరగుచ్ఛాలు పాత బ్రాడ్‌వే పాటల్లా మలుపులు తిరుగుతాయి. 1989లో డానీ ఎల్ఫ్‌మన్ బ్యాట్‌మ్యాన్‌కి ఇచ్చిన మైనర్ ముక్క చిన్నది, మొండిది, ఎటు తిప్పినా తిరుగుతుంది. సినిమా బాణీల్లో జాజ్‌కి లొంగేవాటిలో అదొకటి.

హాన్స్ జిమ్మర్, జేమ్స్ న్యూటన్ హావర్డ్ కలిసి నోలన్ బ్యాట్‌మ్యాన్‌కి చేసినదాంట్లో హీరో గుర్తు రెండే స్వరాలు. జోకర్‌కైతే చెల్లో తీగమీద సాగదీసిన ఒక్క స్వరం. ఇలాంటివాటితో జాజ్ ఏం చేస్తుందని పెదవి విరిచేవాళ్ళున్నారు. ఆ మాట సరికాదు. 1959లో మైల్స్ డేవిస్ ‘సో వాట్’లో ఉన్నవి రెండే మోడ్‌లు, అంటే మన రాగాలకి దగ్గరైన స్వరశ్రేణులు, వాటిమీద ఒక తరం సంగీతమే లేచింది. స్వరాలు తక్కువైనంత మాత్రాన జాజ్‌కి చోటు తగ్గదు. అసలు లోటు శ్రోత జ్ఞాపకంలో ఉంది. 2016లో ‘ఎవ్రీ ఫ్రేమ్ ఎ పెయింటింగ్’ అనే వీడియో వ్యాసంలో దారినపోయేవాళ్ళని మార్వెల్ సినిమా బాణీ ఏదైనా పాడమంటే వాళ్ళకి ఏదీ తోచలేదు. స్టార్ వార్స్, బాండ్ అడగ్గానే పాడేశారు. గుర్తులేని బాణీని మార్చి వాయిస్తే ఆ మార్పు ఎవరి చెవికీ ఎక్కదు. మరుసటి ఏడు ‘స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్’ మొదట్లో మార్వెల్ బొమ్మ మీద మైఖేల్ జక్కీనో 1967 కార్టూన్ బాణీని వాద్యబృందంతో వాయించాడు. యాభై ఏళ్ళ బాణీ వినబడగానే హాల్లో జనం గుర్తుపట్టారు.

‘ఐరన్ మ్యాన్’ తొలి చిత్రంలోనూ ఇలాంటి పని ఉంది. 1966 కార్టూన్‌కి జాక్ అర్బాంట్ కట్టిన బాణీని లాస్ వెగాస్ కాసినో ఘట్టంలో బిగ్ బ్యాండ్ అరేంజ్‌మెంట్‌గా వెనక వినిపించారు. గమనించినవాళ్ళు తక్కువ. అదే చిత్రం చివర వచ్చే, అదే పేరున్న బ్లాక్ సబాత్ పాటకి ఈ హీరోతో మొదట ఏ సంబంధమూ లేదు. ద బ్యాడ్ ప్లస్ త్రయం 2004లో ఆ పాటని పియానో, బేసు, డ్రమ్స్ మీద వాయించిన తీరు మాత్రం, బరువైన రాక్ బాణీని జాజ్ ఎలా తలకెత్తుకోవచ్చో నేర్చుకోదలచినవాళ్ళకి మంచి పాఠం.

జక్కీనో చేసిన పెద్ద పని ‘ది ఇన్‌క్రెడిబుల్స్’. 2004 నాటికి సూపర్‌హీరో సినిమా అంటే తీగ వాద్యాల ఉరుము. బ్రాడ్ బర్డ్ చిత్రం 1960ల కలలో జరుగుతుంది కాబట్టి జక్కీనో ట్రంపెట్లని, సాక్సఫోన్లని, బాంగోలని ముందుకు తెచ్చి, పాతకాలపు అనలాగ్ టేపు మీద రికార్డు చేయించాడు. మేకులు దిగినట్టుండే ఇత్తడి గుద్దుల్లో బాండ్ సినిమాల జాన్ బ్యారీ వినబడతాడు, హెఫ్టీ వినబడతాడు. 2018 రెండో భాగంలో ఒక్కో హీరోకి పాత టీవీ టైటిల్ పాటలా విడివిడిగా పాటలు కట్టాడు. ఎప్పుడూ లేని సీరియళ్ళకి టైటిల్ పాటలు అన్నమాట. ఇవాళ అమెరికా స్కూళ్ళలో జాజ్ బ్యాండ్లకి అచ్చైన అరేంజ్‌మెంట్లలో ‘ఇన్‌క్రెడిబుల్స్’ ఉంటుంది. అక్కడి మన తెలుగు ఇళ్ళలో సాక్సఫోన్ సంచి మోసుకెళ్ళే పిల్లలు కొందరికి స్వింగ్ తాళం మొదట చేతికి వచ్చేది ఇలాంటి బాణీతోనే. వాళ్ళకి అక్కణ్ణుంచి బేసీకి దారి చూపించే మాస్టారు దొరికితే ఆ పిల్లలు అదృష్టవంతులు.

ఆన్‌లైన్‌లో ఇప్పుడు ఇలాంటి ‘జాజ్ వెర్షన్లు’ కుప్పలు. వాటిలో ఎక్కువ భాగం నా చెవికి నిలవవు. బాణీ ఒకసారి వాయించి, హుందాగా రెండు స్వరగుచ్ఛాలు మార్చి, మళ్ళీ బాణీ వాయించి ముగిస్తారు. మధ్యలో ఒక్క మనిషి కూడా ప్రమాదం నెత్తికెత్తుకోడు. హెఫ్టీ ఇచ్చిన పన్నెండు బార్లలో పది ఆవర్తనాలు తిరిగి తన మాట చెప్పలేని వాద్యకారుడు దాన్ని ఎందుకు ఎత్తుకున్నట్టు?

చివరిగా హార్లెం. 2016లో వచ్చిన ‘ల్యూక్ కేజ్’ సీరియల్‌కి సంగీతం చేసిన ఆడ్రియన్ యంగ్, అలీ షహీద్ ముహమ్మద్ 1970ల సోల్, ఫంక్ సినిమా సంగీతాన్ని, హిప్‌హాప్ దెబ్బని కలిపి తీగ వాద్యాలతో బాణీ కట్టారు. మొదటి సీజన్ ఎపిసోడ్ల పేర్లన్నీ గ్యాంగ్ స్టార్ పాటల పేర్లే. పాత జాజ్ రికార్డుల ముక్కలమీద ర్యాప్ నిలబెట్టిన జంట అది. తర్వాత యంగ్, ముహమ్మద్ ‘జాజ్ ఈజ్ డెడ్’ పేరుతో ఆల్బంలు మొదలుపెట్టి రాయ్ ఏయర్స్, గారీ బార్ట్జ్ లాంటి పెద్దలతో కొత్త పాటలు కట్టి రికార్డు చేశారు. సూపర్‌హీరో సీరియల్ చేసిన చేతులు జాజ్ పెద్దల దగ్గరికి వెళ్ళిన దారి ఇది. నన్నడిగితే వాళ్ళు చెయ్యవలసిన పని ఒకటి మిగిలే ఉంది: వా-వా గిటారుతో నడిచే ఆ ల్యూక్ కేజ్ టైటిల్ బాణీని, ఒకప్పుడు మైల్స్ బృందంలో వాయించిన బార్ట్జ్ ఆల్టో సాక్సఫోన్‌కి ఇచ్చి, టీవీ నిడివి లెక్క చూడకుండా పది పన్నెండు నిమిషాలు వదిలెయ్యడం.